ఎర్ర పట్టీ, ఏనుగుల వెనక గంప

చింతలదుర్గంలో రాజుగారూ ఉన్నారు, కంప్యూటరూ ఉంది. ఆ రెండూ ఒకచోట ఎలా కుదిరాయని అడక్కండి. కథ చెప్పేది నేను.

కిందటి దసరా ఊరేగింపులో ఎవరు ముందు నడవాలన్న గొడవ లేచి, సేనాపతీ మంత్రీ ఒకరి తలపాగా ఒకరు లాక్కున్నారు. అందుకని ఈ ఏడు రణమల్ల మహారాజు ఒకటే మాట అన్నారు.

"వరస మనుషులు వెయ్యొద్దు, యంత్రం వెయ్యాలి. నేనొక్క బొత్తం నొక్కితే ఎవరెక్కడ నడవాలో తెరమీద పడాలి. అది వేసిన వరసకు తిరుగులేదు. నేను చెప్పినా మారదు."

ఆ పని రాయసం గవరయ్య మీద పడింది. రాజుగారి ఉత్తరాలు రాసేది ఆయనే. ఆస్థాన యంత్రపండితుడు సోమయాజి చెప్పిన చాడీల పుణ్యమా అని, పాపం, గవరయ్య నెల్లాళ్లుగా సరిహద్దు కోటలో పడివున్నాడు. అక్కడే స్ప్రెడ్‌షీటు తయారుచేసి, మెయిల్లో పంపి, వెనకే తనూ వచ్చాడు.

నిండుకొలువులో రాజుగారు బొత్తం నొక్కారు. ఏమీ పడలేదు. మళ్లీ నొక్కారు. వేలు నొప్పెట్టిందే గాని వరస రాలేదు.

తెర పైభాగాన మాత్రం ఒక ఎర్ర పట్టీ, దానిమీద నాలుగు ముక్కలూ ఉన్నాయి. ఎవరూ చదవలేదు. తెరమీది రాత చదవడం గుమాస్తాల పనని సోమయాజి ఏనాడో తేల్చేశాడు. అంతటి పండితుడు చదవనిది మనమెందుకు చదవాలని కొలువూ ఊరుకుంది.

"షీటు చచ్చింది ప్రభూ! చేతగానివాడి చేతిలో పెడితే ఇంతే" అన్నాడు సోమయాజి.

రాజుగారికి చర్రున కోపమొచ్చింది. "గవరయ్యా! ఇది పనిచేయించలేకపోయావో, ఊరేగింపులో ఏనుగుల వెనక పేడగంప మోసేది నువ్వే."

ఇరవై ఏళ్లు కలం పట్టిన చెయ్యి, ఊరంతా చూస్తుండగా పేడగంప పట్టడమా! అయినా గవరయ్య ముందుకొచ్చి ఎర్ర పట్టీని పైకి చదివాడు.

"ఈ ఫైలు బయటినుంచి వచ్చింది. అందుకని ఇందులోని మాక్రోలను ఆపేశాం."

"మాక్రో ఎవడయ్యా?" అన్నారు రాజుగారు.

"ఫైల్లో కూర్చున్న పనివాడు ప్రభూ. బొత్తం నొక్కితే లేచి, చెప్పిన పనంతా చేసిపెడతాడు. మెయిల్లో వచ్చాడు గనక, ఎవడో కొత్తవాడనుకుని మన కావలివాడు ఆపాడు. షీటుకు ఏ రోగమూ లేదు."

ఆ మాట పూర్తికాకముందే సోమయాజి మౌసు లాక్కున్నాడు. "ఇంతేనా? దీనికింత పురాణమెందుకు?" అంటూ సెట్టింగుల్లోకి పోయి, మెయిల్లో వచ్చే ఫైళ్లన్నీ పడే ఫోల్డరును 'నమ్మకమైన చోటు' అని రాసిపారేశాడు. ఫైలు మూసి, మళ్లీ తెరిచి, బొత్తం నొక్కాడు. వరస చకచకా తెరమీద పడింది.

రాజుగారు పొంగిపోయి సోమయాజికి పట్టుశాలువా కప్పారు.

"మరి గంప ప్రభూ? పనిచేయించింది నేను కదా" అన్నాడు సోమయాజి తియ్యగా.

"అవును, గంప గవరయ్యదే."

గవరయ్య చేతులు జోడించాడు. "ప్రభూ, సోమయాజిగారు నా పనివాణ్ణొక్కణ్ణే రానిచ్చి ఊరుకోలేదు. ఆ ఫోల్డరులో ఏ దొంగవెధవ దిగినా మనవాడే అన్నారు. అది ప్రమాదం."

"అసూయ!" అన్నాడు సోమయాజి.

"రేపటిదాకా గడువివ్వండి. ప్రమాదం లేదని తేలితే నోరెత్తకుండా గంప మోస్తాను."

రాజుగారు సరేనన్నారు.

మర్నాడు కొలువు తీరేసరికి సోమయాజికి ఒక మెయిలు వచ్చింది. 'తమ బిరుదుల పట్టిక. దయచేసి సరిచూడగలరు' అని ఉంది. ఎవరు పంపారో ఆయన చూడలేదు. బిరుదులని రాసి ఉన్నాక ఇంకా చూసేదేముంది? రాజుగారి కంప్యూటరులోనే, ఊరేగింపు షీటు పక్కనే, అందరికీ కనబడేలా తెరిచాడు. పదకొండు బిరుదులున్నాయి. ఒక్కోటీ రెండేసిసార్లు చదివాడు.

"చాల్లేవయ్యా, వరస చూద్దాం" అని రాజుగారు ఊరేగింపు షీటులో బొత్తం నొక్కారు.

ముందు జెండా వచ్చింది. తరవాత నగారా, పల్లకీ, సేనాపతి, మంత్రి, ఏనుగులు. అన్నిటికన్నా ఆఖరున ఇలా పడింది:

'ఏనుగుల వెనక, పేడగంప: సర్వయంత్ర సార్వభౌమ సోమయాజి.'

"ఎవడు? ఎవడు మార్చాడిది?" అని అరిచాడు సోమయాజి.

గవరయ్య వినయంగా వంగాడు.

"ఆ బిరుదుల పట్టిక పంపింది నేనే ప్రభూ. అందులో నా పనివాణ్ణొకణ్ణి కూర్చోబెట్టాను, పట్టిక తెరవగానే వాడు పక్క షీటులోకి దూరి ఆఖరి పేరు మార్చి భద్రం చేశాడు. కావలివాణ్ణి ఇంటికి పంపిందీ, మావాణ్ణి చేయిపట్టి లోపలికి తెచ్చిందీ మాత్రం సోమయాజిగారే!"

కొలువు గొల్లుమంది. రాజుగారు కళ్లు తుడుచుకుంటూ అడిగారు. "మరి మంచివాణ్ణి రానిచ్చే దారేదయ్యా?"

గవరయ్య ముందు ఆ ఫోల్డరును నమ్మకాల జాబితాలోంచి తీసేశాడు. ఊరేగింపు ఫైలు మూసి, దానిమీద మౌసు కుడి బొత్తం నొక్కి, ప్రాపర్టీస్ తెరిచి, అడుగున 'అన్‌బ్లాక్' అన్న గడిలో టిక్కు పెట్టాడు. మళ్లీ తెరిస్తే ఎర్ర పట్టీ లేదు, బొత్తం నొక్కితే ఆఖరి పేరుతో సహా అదే వరస పడింది.

"తెలిసినవాడొస్తే వాడొక్కణ్ణే రానివ్వాలి ప్రభూ. వాడికోసం కోట తలుపులు పీక్కోకూడదు."

రాజుగారు సోమయాజి భుజంమీది శాలువా తీసి గవరయ్యకు కప్పారు. తన చేతి కంకణం కూడా తొడిగారు. సరిహద్దు కోటకు ఇక పోనక్కర్లేదన్నారు.

"ప్రభూ, ఆ ఆఖరి వరస..." అని నసిగాడు సోమయాజి.

"సరిచెయ్యమంటారా ప్రభూ?" అన్నాడు గవరయ్య, మౌసుమీద చెయ్యి వేసి.

"ఎలా కుదురుతుందయ్యా? యంత్రం వేసిన వరసకు తిరుగులేదని అన్నది నేనే కదా!"

కొలువు మళ్లీ గొల్లుమంది. ఆ నవ్వుల మధ్యనే మావటివాడు, గంప కింద పెట్టుకోను పండితుడి తలకు సరిపోయే చుట్టకుదురు వెతకడానికి బయల్దేరాడు.