ముద్దడిగిన మాత గుట్ట

వాగొడ్డుపాలెం దాటి నూట పది మెట్లెక్కితే, నా మోకాళ్ల లెక్కలో పదకొండు వేలు, ముద్దడిగిన మాత గుడి వస్తుంది. ఇక్కడి మరియమాత చేతులు జోడించి ఉండదు. కుడిచెయ్యి ముందుకు చాచి ఉంటుంది. ఆ అరచేతిలో ఎప్పుడూ నాలుగు ఉప్పురాళ్లుంటాయి. యాత్రికులు ముందుగా అడిగేది వాటి గురించే.

పూర్వం ఇక్కడ గుడి లేదు. గుట్ట కింద శౌరమ్మ అనే మోతుబరి ఇల్లాలు ఉండేది. ఆమె గోంగూరకు తాలింపు వేస్తే మూడు జిల్లాలు తుమ్మేవి. అడిగినవారికల్లా పెట్టేది గాని, పరాయి ఇంట మంచినీళ్లయినా ముట్టి ఎరగదు. ఊరి గుళ్లో పూజవేళ అందరితో పాటు ఒకే సత్ప్రసాదపు రొట్టె పుచ్చుకొన్నా, వాగవతల చెప్పులు కుట్టేవారి పేటలో ఏ గడపా తొక్కేది కాదు.

ఆ పేటలోనే ఇన్నాసమ్మ ఉండేది. ఒక్కగానొక్క కూతురు జ్వరంతో పోయిన నాటి నుంచి ఆమె పొయ్యి వెలిగించలేదు, మెతుకు ముట్టలేదు. శౌరమ్మ గంపెడన్నం పంపింది. తిరిగొచ్చింది. బండెడు పంపింది. అదీ తిరిగొచ్చింది. చివరకు తానే వెళ్లి, గడప బయట నిలబడి, “తినవే, చచ్చిపోతావు” అని కసిరింది.

“మీ కుక్కకు పెట్టండి అమ్మగారూ, విశ్వాసంగా తింటుంది” అన్నది ఇన్నాసమ్మ, గోడవైపు తిరిగి.

ఆ మధ్యాహ్నం శౌరమ్మకు కునుకు పట్టింది. కలలో మరియమాత ఇన్నాసమ్మ గడపలో చెయ్యి చాచి నిలబడి ఉంది.

“తల్లీ, నేను పెడతాను రా!” అని శౌరమ్మ కంగారుపడింది.

“నీ గోంగూర నాకెందుకే? ఈమె చేతి ముద్ద కావాలి. నేనడిగితే లేవడం లేదు. నువ్వొచ్చి అడుగు” అన్నది మాత.

శౌరమ్మకు పట్టిన చెమటకు వాగు పొంగిందంటారు. నేను నమ్ముతాను. పెట్టడమే తెలిసిన మనిషికి అడగడం అంత కష్టం మరి. ఏడుసార్లు వాగు దాకా వెళ్లి ఏడుసార్లు వెనక్కి వచ్చింది. ఎనిమిదోసారి వట్టి చేతులతో దాటి, గడప లోపలికి వెళ్లి నేల మీద కూర్చుంది.

“ఇన్నాసమ్మా, ఆకలేస్తోంది. ఒక ముద్ద పెట్టు.”

“నా చేతిదా? మీరా?”

“నేనే. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.”

ఆకలన్నవారిని ఇన్నాసమ్మ ఎన్నడూ ఊరికే పంపలేదు. గోడ పట్టుకొని లేచింది. తొమ్మిది రోజులుగా చల్లారిన పొయ్యి రాజేసి జొన్న సంగటి కెలికింది. చిటికెడు వెయ్యబోతే పిడికెడు ఉప్పు పడింది. శౌరమ్మ కళ్లు మూసుకొని మింగింది.

“ఉప్పు రవ్వంత ఎక్కువైందే.”

“సముద్రం తాగినట్టు మొహం పెట్టారు, ఏదీ చూడనీండి” అంటూ ఇన్నాసమ్మ ఒక ముద్ద నోట్లో వేసుకొన్నది. అదే తొమ్మిది రోజుల తర్వాత ఆమె తిన్న మొదటి ముద్ద.

తరువాత ఇద్దరూ ఏనుగంతేసి రాళ్లు మోసి ఈ గుడి కట్టారు. కలలో కనిపించినట్టే మాత స్వరూపం చేయించి, చాచిన అరచేతిలో ఆనాటి సంగటి గుర్తుగా నాలుగు ఉప్పురాళ్లు పెట్టారు.

నేటికీ తిరునాళ్లలో ఎవరి క్యారేజీ వారు విప్పరాదు. ఎరుగని మనిషి ముందు చెయ్యి చాచి ముద్ద అడగాలి. పోయినేడు ఒక పెద్దమనిషికి ఆ చెయ్యి చాపడానికి మూడు పూజలంత సేపు పట్టింది. అయినా చాపాడు. అలా అడిగి తిన్నవారిని మాత చల్లగా చూస్తుంది. ఉప్పు ఎక్కువైతే మాత్రం పేరు పెట్టకండి. ఆ చెయ్యి ఎన్నాళ్లకు పొయ్యి వెలిగించిందో మనకేం తెలుసు!