గూట్లో గద్దగోరు

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున మద్దిచెట్టు మీద ఒక కాకమ్మ గూడు కట్టుకుని మూడు గుడ్లు పెట్టింది. పక్కచెట్టు మీదే పాములగద్ద కాపురం. పామంటే దానికి పరమాన్నం. అందుకే ఏ పామూ ఆ ఛాయలకు వచ్చేది కాదు. ఆ మేలు కాకమ్మ కంటికి ఆనితేగా!

ఒకరోజు తాయెత్తులమ్మే సోమలింగం అటు వచ్చాడు. చేప తలకాయ ఒకటి విసిరి, "కాకమ్మా, గద్ద రాల్చిన ఈక ఒక్కటి తెచ్చిపెట్టవూ?" అన్నాడు.

"రాలిన ఈకే కదా" అనుకుని కాకమ్మ తెచ్చి ఇచ్చింది.

మర్నాడు రెండు చేపలు తెచ్చాడు. "అది ఏ కొమ్మ మీద వాలుతుందమ్మా?"

"చెబితే నా సొమ్మేం పోయింది" అని కొమ్మ చూపించింది.

గద్దను చంపితే జైలేనర్రా. ఆ సంగతి సోమలింగానికీ తెలుసు. అందుకే చప్పుడయ్యే తుపాకీ తేలేదు. ఆ కొమ్మకు ఉచ్చు బిగించాడు. మూడోనాడు బుట్టెడు చేపలు చూపించి, "అదెక్కడో తిరుగుతోంది. నువ్వొక్కసారి పిలువు" అన్నాడు.

అప్పుడైనా నోరు మూసుకోవచ్చుగా, పాపిష్ఠిది! మూసుకోలేదు. "గద్దక్కా! పామొచ్చింది, నా గుడ్లు!" అని అరిచింది.

గద్ద రివ్వున వచ్చి ఆ కొమ్మ మీద వాలింది. కాళ్లు ఉచ్చులో బిగుసుకున్నాయి. అయినా అది అడిగిందేమిటో తెలుసా? "పామేదే చెల్లీ?" అని. కాకమ్మ తల తిప్పేసుకుంది.

సోమలింగం గద్దను చంపి, ఈకలు పీక్కున్నాడు, గోళ్లు కోసుకున్నాడు. పోతూ పోతూ ఒక గోరు కాకమ్మ ముందు పడేశాడు. "గూట్లో పెట్టుకో, పాము భయం ఉండదు. సంతలో జనం ఇందుకే ఎగబడి కొంటారు" అన్నాడు. వెర్రి కాకమ్మ నమ్మింది.

వారం తిరక్కుండానే జెర్రిపోతు చెట్టెక్కింది.

"రాకు! ఇదిగో గద్దగోరు!" అంటూ కాకమ్మ గోరును ముందుకు నెట్టింది.

పాము దాన్ని వాసన చూసింది. "ఇది కదలదేం?" అంది. దాని మీదుగానే పాకి గూట్లోకి దిగింది.

"గద్దక్కా! పామొచ్చింది, నా గుడ్లు!"

గొంతు పోయేదాకా అరిచింది కాకమ్మ. పక్కచెట్టు మీద నుంచి ఎవరూ రాలేదు. పాము దిగిపోయాక చూసుకుంటే, గూట్లో గోరొక్కటే ఉంది.

నీతి: మనల్ని కాచే ప్రాణాన్ని అమ్ముకుంటే, దాని గోరూ ఈకా మనల్ని కాయవు.