పుస్తకం మూసిన చప్పుడు

పైడితల్లి టీచరుకు ఒక అలవాటుంది. ప్రాథమిక పాఠశాల లైబ్రరీ పీరియడ్‌లో ఏ కథ చదివినా, ఏ గేయం వినిపించినా, అయ్యాక పుస్తకం మూయరు. ఆఖరి పేజీ తెరిచి ఉండగానే చాప మీద పెట్టి, మంచినీళ్ల వంకతో వరండాలోకి వెళ్లిపోతారు. రిటైరైనా ప్రతి శనివారం వచ్చి చదువుతూనే ఉన్నారు. ఆ అలవాటూ ఆమెతోనే వస్తోంది.

ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన కొత్త టీచరు హైమ. కాలేజీ చర్చాపోటీల్లో ఎదుటివాళ్ల నోరు మూయించిన మనిషి. నెల రోజులు ఓపిక పట్టి, ఒకనాడు వరండాలోనే నిలదీసింది.

"చదివి వదిలేస్తే ఎలా టీచర్? ఒక్క ప్రశ్నయినా అడక్కపోతే వాళ్ల బుర్రలోకి ఏం వెళ్లిందో మనకెలా తెలుస్తుంది?"

టీచరు వాదించలేదు. గ్లాసు పక్కన పెట్టి, తన మొదటి ఉద్యోగం నాటి సంగతి చెప్పారు.

అప్పుడామెకు ఇరవై మూడేళ్లు. విజయనగరం పక్క పల్లెలో బడి. లైబ్రరీ అంటే ఒక రేకు పెట్టె, అందులో నలభై పుస్తకాలు. చదవడం అవగానే పుస్తకం టప్పున మూసి, చేతిలోని స్కేలు ఒకరి వైపు చూపించి "నీతి?" అనేవారట. చెప్పలేని పిల్ల గంట కొట్టేదాకా నిలబడాలి. వాన మీద గేయం చదివినా నీతి చెప్పాల్సిందే. ఎందుకు కురిసిందో వానకే తెలియదు గానీ, మూడో తరగతి పిల్లలకు మాత్రం తెలిసి తీరాలి.

ఒక శనివారం పులి కథ చదువుతూ చూస్తే ఆఖరి పేజీ లేదు. మరుసటి వారం ఇంకో పుస్తకానికీ లేదు. రెండు నెలలు తిరిగేసరికి ఏడు పుస్తకాలకు లేవు. చింపినవాళ్లు ఈ శనివారంలోగా దొరక్కపోతే పెట్టె వెనక్కి పంపేస్తానని, దొరికితే బడిలోంచి పేరు కొట్టేస్తానని హెడ్మాస్టారు ప్రార్థనలో అందరి ముందూ అన్నారు. ఆ వారమంతా బడిలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

శనివారం టీచరే సంచులు వెతికారు. అప్పలకొండ సంచిలో, పలక వెనక, ఏడు కాగితాలూ దొరికాయి. ఒక్కదానికీ మడత లేదు. ముందు వరసలో కూర్చుని నోరు తెరుచుకుని వినే పిల్ల అది. అందుకే ఆమెకు మరీ మండింది. ఎందుకు చింపావని స్కేలు ఎత్తారు. పిల్ల ఏడవలేదు. గౌను తడిసింది. కాళ్ల వెంట కారి చాప దాకా వచ్చింది. తరగతిలో ఒక్కరూ నవ్వలేదు. అలాంటప్పుడు కూడా నవ్వని పిల్లల్ని చూస్తే ఎవరికైనా భయం వేయాలి. ఆమెకూ వేసింది.

"పేజీ లేపోతే కథ అవ్వదు కదండీ," అంది పిల్ల నేలనే చూస్తూ. "అవ్వకపోతే మీరు అడగరు కదండీ."

మరి ఈ కాగితాలతో ఇంట్లో ఏం చేశావంటే, అవ్వకి కథంతా చెప్పి, ఆఖరి ముక్క చూసి చదివానంది. అవ్వ ఏమీ అడగదట. ఊఁ కొడుతుందట, అంతే.

టీచరు ఆ ఏడు పేజీలూ అన్నం మెతుకులతో అతికించారు. కుట్లు ఊడి రాలిపోయాయని హెడ్మాస్టారుకు అబద్ధం చెప్పారు. పెట్టె మిగిలింది, పిల్ల పేరూ మిగిలింది. నీతి అన్న మాట ఆ తరగతిలో మళ్లీ వినపడలేదు.

అయితే అక్కడితో తీరిపోయిందన్నమాట, అంది హైమ.

తీరలేదన్నారు టీచరు. ఏమీ అడగనని ఎన్నిసార్లు చెప్పినా, ఐదో తరగతి అయి వెళ్లిపోయేదాకా, పుస్తకం మూసిన చప్పుడు వినపడితే చాలు, అప్పలకొండ భుజాలు చెవుల దాకా బిగుసుకునేవట.

లోపల పిల్లలు తెరిచి ఉన్న పుస్తకం చుట్టూ చేరారు. ఒకళ్ల మీద ఒకళ్లు పడి ఆఖరి పేజీ మళ్లీ చదువుకుంటున్నారు. హైమ కాసేపు అటే చూసింది. ఆ తర్వాత ఊరుకోలేకపోయింది. అయితే దీన్నిబట్టి నేను గ్రహించాల్సింది ఏమిటంటే, అని మొదలుపెట్టి, తప్పు చెబుతానేమోనని సగంలో ఆగి, టీచరు ముఖంలోకి చూసింది.

పైడితల్లి టీచరు ఆమె ముఖం చూడలేదు. కాస్త కిందికి చూశారు.

"ముందు ఆ భుజాలు దించుకో, అమ్మా."