ఉత్తచేతుల వడ్డన

మీరు ప్రాణంగా చూసుకునే పిల్ల మిమ్మల్ని దాటుకుని పరుగెత్తి ఇంకొకరి నడుముకు చుట్టుకుంటే మీ కడుపు మండదా? పెద్దమనుషుల్లా తలలు అడ్డంగా ఊపకండి. మండుతుంది. వసుంధరకూ మండింది. ఆ మంట ఆమె చేత ఏం చేయించిందో వినండి.

అనంతపురం వైపు ఒక రాతిగుట్ట మీద చిన్న మఠం ఉండేది. దాన్ని నడిపే ఓబుళమ్మవ్వను చుట్టుపక్కల ఊళ్లవాళ్లు గురువుగా కొలిచేవాళ్లు. వానలు మొహం చాటేసిన ఏడాది జనం పనుల కోసం బెంగుళూరు పోతూ పిల్లల్ని అవ్వ దగ్గర వదిలిపోయేవాళ్లు. ఆ పిల్లలకు చదువు చెప్పే పనిని అవ్వ తన శిష్యురాలు వసుంధరకు అప్పగించింది.

వసుంధర ఆ పనిని ఒళ్లు దాచుకోకుండా చేసేది. పిల్లల తలలు దువ్వేది, గోళ్లు కత్తిరించేది, చెయ్యి పట్టి పలక మీద దిద్దించేది. తెల్లారితే అందరూ వరసగా కూచుని గుణింతాలు వల్లించాల్సిందే. ఒక్క గొంతు తప్పినా ఆమె చెవికి తెలిసిపోయేది.

ఆ తర్వాత తిరుపాలు వచ్చింది. ఆమె అవ్వకు కొత్త శిష్యురాలు. సాయంత్రం ఒక గంట పిల్లల్ని ఆడించమని అవ్వ ఆమెకు చెప్పింది.

ఆ గంటలో తిరుపాలు చేసేదేముంది అంటారా? పిల్లలు ముంగిట్లో రాళ్లు పేర్చి ఇల్లు కట్టేవాళ్లు. కొబ్బరిచిప్పలు కుండలు, ఇసుక బియ్యం, ఇటుకపొడి కారం. ఒకరు అమ్మ, ఒకరు నాయన, ఒకరు బెంగుళూరు బస్సు. తిరుపాలు పిల్లి. వంట అయ్యేదాకా గోడవార ముడుచుకుని పడుకునేది. అందరూ తల తిప్పగానే వేపాకు చేపను నోట కరుచుకుని పారిపోయేది. పిల్లలు కేకలేస్తూ వెంటపడేవాళ్లు.

వసుంధర కిటికీలోంచి చూసేది. తను దగ్గరికి వెళితే నవ్వు ఆగిపోయేది. పిల్లలు లేచి చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. ఆ మర్యాద ఆమెకు వాత పెట్టినట్టుండేది.

ఒకరోజు బావి దగ్గర ఉండబట్టలేక అడిగేసింది. "పిల్లలకు ఏం మందు పెట్టినావు తిరుపాలూ?"

"నేను పెట్టేదేముందక్కా, వాళ్లే నాకు పెడతారు. నిన్న చేప తలకాయ పెట్టినారు."

"బాగుంది. రేపు తోక కూడా అడుగు," అంది వసుంధర. తిరుపాలు నవ్వింది. వసుంధర నవ్వలేదు.

పిల్లలందరిలోకీ చిన్నది కుళ్ళాయమ్మ. దానికి జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకుని చెంచాతో గంజి తాగించింది వసుంధర. తడిగుడ్డ వేసింది వసుంధర. అది కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? "పిల్లి యాడికి పోయిందక్కా?"

పిల్లిని చూసి కుళ్లుకోవడమేమిటని వసుంధర తనను తానే తిట్టుకుంది. తిట్టుకుంటే కుళ్లు తగ్గదు కదా. మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు లేచి చీపురు పట్టింది. రాళ్ల ఇల్లు, చిప్పలు, ఇటుకపొడి, అన్నీ తట్టకెత్తి పెంటదిబ్బలో పారేసింది. "చెత్త ఉంటే పాములొస్తాయి, అందుకే శుభ్రం చేశాను," అని ఎవరూ అడక్కముందే అందరికీ చెప్పింది.

అవ్వ ముంగిలిని చూసింది. "బాగా ఊడ్చినావే వసుంధరా. చీపురు అరిగిపోయింటుంది," అంది. అంతే.

సాయంత్రం పిల్లలు వచ్చి బోడి ముంగిట్లో నిలబడ్డారు. ఏడుస్తారని వసుంధర కిటికీ దగ్గర కాచుకుని ఉంది. ఏడిస్తే తనే ముందుగా పోయి దగ్గరికి తీసుకోవాలని కూడా అనుకుంది.

ఎవరూ ఏడవలేదు. ఓబులేసు అనే పిల్లాడు గాల్లో తలుపు తీశాడు. "తల వంచుకో, పైన తగుల్తుంది," అన్నాడు వెనకవాడితో. వెనకవాడు వంచుకుని లోపలికి వచ్చాడు. కుళ్ళాయమ్మ ఏమీ లేని చోట కూచుని ఏమీ లేని పొయ్యి ఊదింది. పొగకు కళ్లు నులుముకుంది.

అంత ఊడ్చినా తను పారేయగలిగింది చిప్పల్నేనని అర్థమయ్యేసరికి వసుంధర విసవిసా అవ్వ దగ్గరికి నడిచింది.

"అవ్వా, ఒకటి తేల్చు. ఈడ పిల్లలకు చెప్పేది చదువా, వేషాలా?"

"వేషాలు ఎవరు ఏసేది?"

"ఇంకెవరు, ఆ తిరుపాలు. రేపు అమ్మానాయన వచ్చి ఏం నేర్చుకున్నారని అడిగితే వీళ్లు మ్యావ్ అనల్లనా? ఆ గంట కూడా నాకియ్యి, లెక్కలు చెప్పుకుంటా. ఆమెను వంటింట్లో పెట్టు. లేదంటే నేను పోతా."

"యాడికి పోతావు?"



అవ్వ వక్కముక్క నోట్లో వేసుకుంది. "సరే. ఆట గంట ఎత్తేద్దాం. ఆ సంగతి రేపు నువ్వే చెప్పు పిల్లలకు. నిలబడి చెప్తే జడుసుకుంటారు. వాళ్ల ఆటలో కూచోని చెప్పు."

గెలిచానని వసుంధర అనుకుంది. చెప్పాల్సిన మాటల్ని మనసులో వరసగా పేర్చుకుంది.

మర్నాడు ఆట గంటకు పలక చంకన పెట్టుకుని ముంగిట్లోకి వచ్చింది. అప్పటికే అవ్వ పిల్లల పంక్తిలో బాసింపట్టు వేసుకుని కూచుని ఉంది. వసుంధరను చూసి పిల్లలు లేవబోయారు.

"కూచోండి. మీ అక్క ఆడుకుందామని వచ్చింది," అంది అవ్వ.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఈయక్కను ఏం చేద్దాం? గోడ చేద్దామా?" అన్నాడు ఓబులేసు.

కుళ్ళాయమ్మ వసుంధరను కింది నుంచి పైదాకా చూసింది. "కాదు. అమ్మను చేద్దాం. బెంగుళూరు నుంచి ఇప్పుడే వచ్చింది."

అమ్మ. ఆ వేషం కోసం పిల్లలు జుట్లు పట్టుకునేవాళ్లు. తిరుపాలుకు ఎన్నడూ ఇచ్చింది లేదు. గోడవార పడుకున్న తిరుపాలు వైపు వసుంధర ఒక చూపు చూసింది. చూడకుండా ఉండలేకపోయింది.

కుళ్ళాయమ్మ ఆమె ముందు ఆకు పరిచింది. ఆకు లేదు. నీళ్లు చల్లింది. నీళ్లు లేవు. వేడికి చేతులు మార్చుకుంటూ సంగటి ముద్ద పట్టుకొచ్చింది.

"తినుమ్మా. నంజుకునేదానికి చెనిక్కాయల ఊరిబిండి కూడా నూరినా."

వసుంధర ఆ చేతుల్లోకి చూసింది. పక్కన అవ్వ వేళ్లు నాకుతూ తింటోంది. గోడవార నుంచి తిరుపాలు చూస్తోంది. ఆమె ముందు వెర్రిదానిలా కనపడడం వసుంధరకు ఇష్టం లేకపోయింది.

"ఏముంది దీంట్లో? ఇక్కడేమీ లేదు కదా," అంది.

కుళ్ళాయమ్మ చేతులు విడిపోయాయి. "అమ్మకు ఆకలి లేదంట," అని మిగతావాళ్లకు చెప్పి అవ్వకు మారు వడ్డించడానికి వెళ్లిపోయింది.

అవ్వ కడుపునిండా తిని చెయ్యి కడుక్కుంది. తడి కొంగుకు తుడుచుకుంది. తర్వాత వసుంధర పలక తీసుకుని దాని మీద పెద్ద అక్షరాలతో ఒక మాట రాసింది.

"ఇదేంది?"

"అమ్మ," అని చదివింది వసుంధర.

అవ్వ పలకను తిప్పి వెనకవైపు చూసింది. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "యాడుంది? బలపం గీతలున్నాయి. ఇక్కడేమీ లేదు కదా."



కుళ్ళాయమ్మ వచ్చి పలకలోకి తొంగిచూసింది. దానికి అప్పుడప్పుడే అక్షరాలు కూడుతున్నాయి. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుకుంది. చదివి, ఆ పలకను రెండు చేతులతో అందుకుని పంక్తిలోకి తెచ్చింది. వసుంధర కొంచెం పక్కకు జరగాల్సి వచ్చింది. పలకను అవ్వ మోకాలికి ఆనించి కూచోబెట్టి, ముందు ఆకు పరిచి, నీళ్లు చల్లి, ముద్ద పెట్టింది.

"తినుమ్మా," అంది పలకతో. "ఎండలో వచ్చినావు."

 జరిగిన ఆ జానెడు చోటు కోసం వసుంధరకు పలక మీద కూడా కుళ్లు పుట్టింది.

"అవ్వా, అది పలక," అంది.

"కనపడేదాన్ని చూసేదానికి బడి ఎందుకమ్మా?" అంది అవ్వ.

 ఓబులేసు వసుంధర వైపు తిరిగాడు. "అక్కా, మాకు ఏందో చెప్పాలన్నావంట గదా. ఏంది?"



"ఆకలైతాంది," అంది వసుంధర.

కుళ్ళాయమ్మ తల తిప్పకుండానే బోడి ముంగిట్లో ఒక మూలకు చెయ్యి చూపించింది. "చేతులు కడుక్కోని రాపో. తొట్టి ఆడుంది."

వసుంధర లేచి ఆ మూలకు నడిచింది. వంగి, దోసిలి ముంచి, మోచేతుల దాకా కడుక్కుంది.

ఇక మీతో నాకొక పని ఉంది. రేపు మీ పిల్లల బడికి వెళ్లండి. టైంటేబుల్లో ఆటల గంట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. ఉంటే, ఆ గంటలో ఆటే జరుగుతోందా, లెక్కలు జరుగుతున్నాయా అని మీ కళ్లతో చూసి రండి. లేకపోతే, పెడతామని చెప్పేదాకా ఆ గుమ్మం ముందునుంచి కదలకండి.