ఎండ తినే గడియారం

ఉపసేనుడికి చీవరంతో ఒక చిక్కు వచ్చిపడింది.

విహారం దాటి బయటికి అడుగుపెట్టిన భిక్షువు రెండు భుజాలూ, చేతులూ చీవరంతో కప్పుకోవాలి. కప్పుకుంటే ఎడమచేతి గడియారం బట్ట కింద పడిపోతుంది. అది ఎండ తిని బతికే గడియారం. వానాకాలమంతా పైన మబ్బు, మీద చీవరం. రెండూ కలిసి దాన్ని పస్తు పెట్టాయి. ఒకరోజు చూస్తే సెకన్ల ముల్లు మామూలుగా నడవడం మానేసి, రెండేసి సెకన్లకు ఒక గెంతు గెంతుతోంది. ఆకలేస్తోందని అది చెప్పే పద్ధతి అదేనట. 

అప్పటినుంచి అతను ఊళ్ళోకి వెళ్ళినా ఎడమ మణికట్టు మాత్రం చీవరం బయటే ఉంచేవాడు. దూరం నుంచి చూసేవాళ్ళకి ఎవరినో దీవిస్తున్నట్టు కనిపించేది. విహారానికి పెద్దయిన రేవత భంతే ఒకటి రెండుసార్లు ఆ చేతివంక చూశారు.

ఆ విహారం భీమిలి దాటాక సముద్రం పక్కన ఒక ఎర్రమట్టి గుట్ట మీద ఉంది. నలుగురే భిక్షువులు. వాళ్ళకి మధ్యాహ్నం దాటితే అన్నం లేదు. పన్నెండు లోపలే తినడం ముగించి పాత్ర కడిగేయాలి. మళ్ళీ ముద్ద ముట్టేది మర్నాడు తెల్లవారాకే. కాబట్టి అక్కడ గడియారం సోకు కాదు, అవసరం. గోడకున్న పాత గడియారం తనకు ఇష్టమైనప్పుడు ఆగేది. జపాను నుంచి వచ్చిన యాత్రికుడొకాయన అది చూసి, వెళ్ళేరోజు తన చేతిది తీసి రేవత భంతే ముందు పెట్టాడు. గంట కొట్టే పని ఉపసేనుడిది గనక భంతే దాన్ని అతనికి ఇచ్చారు.

ఉపసేనుడు సన్యాసానికి ముందు పాలిటెక్నిక్ చదివినవాడు. గడియారంతో వచ్చిన చిన్న పుస్తకాన్ని బుద్ధుడి సుత్తాలు చదివినంత శ్రద్ధగా చదివాడు. రోజూ పొద్దున్నే కాసేపు లేత ఎండలో పెట్టేవాడు. కాలే బండమీద మాత్రం పెట్టేవాడు కాదు, మరీ వేడి తగిలినా దానికి చేటే. చెమట పట్టిన వెనక భాగాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. రాత్రి దాన్ని తూర్పు కిటికీలో, ఇనప ఊచలకి ఎడంగా ఆనించి, పొద్దున్న దాకా ఎవరినీ కదపనిచ్చేవాడు కాదు. చంటిబిడ్డ తల్లి కూడా అంత చూడదేమో.

దానితోపాటు అతనికి ఒక పట్టుదల కూడా వచ్చింది. తక్కిన ముగ్గురూ ఇంకా తింటూ ఉంటే వాళ్ళ ఎదురుగా నిలబడి మణికట్టు చూసుకుంటూ ఉండేవాడు. ముళ్ళు రెండూ కలిశాయంటే గంట మోగాల్సిందే. నోటి దగ్గరికి వచ్చిన ముద్ద నోటి దగ్గరే ఆగాలి. నియమాన్ని ఇంత శుద్ధంగా పాటించే విహారం ఈ తీరంలో ఇంకొకటి లేదని అతను నమ్మాడు. నమ్మకం అబద్ధం కూడా కాదు.

కార్తీకం వెళ్ళిన కొత్తలో ఒక మధ్యాహ్నం అతను గంట కొట్టి తిరిగేసరికి మెట్ల మీద ఒక ముసలామె ఎక్కివస్తోంది. నెత్తిమీద పెద్ద స్టీలు క్యారియర్. ఆమె పేరు కొర్లమ్మ, గుట్ట కింద తీరం వెంబడి పోతే వచ్చే బెస్తపల్లె ఆమెది. కొడుకు ఎల్లాజీ బతికుండగా ఏటేటా ఈ మెట్లకి సున్నం వేసేవాడు. కిందటేడు తుఫాను రోజుల్లో వేటకి వెళ్ళాడు. పడవ ముక్కలు ఒడ్డుకి వచ్చాయి. అతను రాలేదు.

కొడుకు పేరున భిక్షువులకి అన్నం పెడితే ఆ పుణ్యం కొడుక్కి చేరుతుందని ఎవరో చెప్పారు. చీకటితో లేచి వండింది. ఎక్కిన ఆటో దారిలో ఆగిపోయింది. మిగతా దూరం నడిచింది. 

ఉపసేనుడు గేటు దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, సమయం దాటిపోయింది. ఇప్పుడు తీసుకోకూడదు."

"ఇప్పుడే కదా బాబూ గంట కొట్టినారు. నేను మెట్ల మీదుండగానే ఇనబడ్డాది."

ఉపసేనుడు చెయ్యి చాచి గడియారం చూపించాడు. ఆమెకి టైము చూడ్డం వచ్చో రాదో అతనికి తెలియదు. అయినా చూపించాడు.

"ఇది తప్పు చెప్పదమ్మా. రేపు పెందలాడే రండి."

"రేపు కాదు బాబూ. మా గుంటడు ఎల్లిపోనాది ఈ రోజే."

"నియమం అమ్మా," అన్నాడు ఉపసేనుడు. కటువుగా అనలేదు. మర్యాదగానే అన్నాడు.

ఆమె కాసేపు గేటు పట్టుకుని ఊపిరి తీసుకుంది. క్యారియర్ మళ్ళీ నెత్తికెత్తుకుని మెట్లు దిగింది.

రేవత భంతే తొట్టి దగ్గర పాత్ర కడుక్కుంటున్నారు. దిగిపోతున్న మనిషి మెడ చూశారు. ఖాళీ క్యారియర్ మోసే మెడ అలా బిగిసి ఉండదు.

సాయంత్రం పొద్దు వాలుతుండగా ఆయన ఉపసేనుణ్ణి పిలిచారు. గడియారాన్ని కిటికీలో సర్దుతున్నవాడు సర్దుతున్నట్టే చేత్తో పట్టుకుని వచ్చాడు.

"రాత్రిళ్ళు దాన్ని కిటికీలో ఎందుకు పెడతావు?"

ఉపసేనుడి ముఖం వెలిగింది. ఈ ప్రశ్న ఆయన అడుగుతారని చాలాకాలంగా ఎదురుచూస్తున్నాడు.

"వినడానికి భంతే. సముద్రాల అవతల ఎత్తయిన స్తంభం ఒకటుంది. అక్కడి నుంచి సరైన సమయాన్ని గాల్లోకి పంపుతారు, రేడియో పాటలు పంపినట్టే. లోకం సద్దుమణిగాక ఇది ఆ మాట వింటుంది. తేడా ఉంటే తనే దిద్దుకుంటుంది. ఇనుము అడ్డం ఉండకూడదు, కదపకూడదు, ఫోను దగ్గర పెట్టకూడదు."

"విన్నదో లేదో నీకెలా తెలుస్తుంది?"

"ఈ బటన్ నొక్కితే సెకన్ల ముల్లు చెబుతుంది భంతే."

"నొక్కు."

ఉపసేనుడు వెంటనే నొక్కలేదు. తర్వాత నొక్కాడు. ముల్లు గబగబా తిరిగి ఒకచోట ఆగింది.

"ఏమంటోంది?"

"వినలేదంటోంది భంతే."

"నిన్న?"

"నిన్న కూడా." అతని గొంతు తగ్గింది. "వచ్చినప్పటినుంచీ ఇంతే. అంత దూరం నుంచి మన దేశానికి అందదట. పుస్తకంలోనే ఉంది."

"మరి వినకుండా ఎలా నడుస్తోంది?"

"తన లెక్కలో తను నడుస్తోంది."

"ఆ లెక్క తప్పితే దానికి తెలుస్తుందా?"

"తెలియదు భంతే."

తర్వాత ఏదో అంటారని ఉపసేనుడు నిలబడ్డాడు. ఆయన కూర్చున్న చాప దులిపి చుట్టారు.

"రేపు మనిద్దరం భిక్షకి కిందికి వెళ్దాం. కొర్లమ్మ వాళ్ళ పల్లెకి. గడియారం పెట్టుకునే రా."

మర్నాడు ఇద్దరూ ఖాళీ పాత్రలతో గుట్ట దిగారు. మామూలుగా నడిస్తే పొద్దు ఎక్కకముందే చేరే దూరమే. కానీ రేవత భంతే ఆ రోజు మామూలుగా నడవలేదు. సరుగుడు తోట నీడలో కూర్చున్నారు. కాలువ దగ్గర కాళ్ళు కడుక్కున్నారు. ఇసుకలో నాలుగడుగులు వేసి, సముద్రం చూస్తూ నిలబడ్డారు. ఆయనకి డెబ్బై దాటాయి. కావాలని ఆలస్యం చేశారో, నిజంగానే కాళ్ళు సాగలేదో ఉపసేనుడికి ఆ రోజు తెలియలేదు. తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు.

"భంతే, కొంచెం తొందరగా నడిస్తే..."

"నడుస్తున్నాను కదా."

"పదకొండు దాటింది భంతే."

"నీ గడియారం సంగతి నా మోకాళ్ళకి తెలియదు ఉపసేనా."

పల్లె కనిపించింది. ఎండేసిన వలలు, ఒడ్డుమీద బోర్లించిన పడవలు, వాటి వెనక తాటాకు ఇళ్ళు కనిపించాయి. ఉపసేనుడు మణికట్టు చూసుకున్నాడు. చూస్తుండగానే ముళ్ళు రెండూ కలిశాయి, విడిపోయాయి. 

అతను ఆగిపోయాడు. ఇంక ఇవాళ అన్నం లేదు. తనకు ఫరవాలేదు. పెద్దాయన నిన్న మధ్యాహ్నం తిన్న మనిషి, రేపు తెల్లారేదాకా ఎలా ఉంటారు?

"భంతే, సమయం దాటిపోయింది. ఇప్పుడు వెళ్ళి ఏం లాభం? ఆవిడ పెట్టినా మనం తినలేం."

"నిన్న ఆవిడ కూడా దారిలోనే ఈ మాట అనుకుని వెనక్కి తిరిగిపోయి ఉండొచ్చు," అన్నారు భంతే. "అయినా మెట్లెక్కి వచ్చింది."

ఆయన ముందుకి నడిచారు. ఉపసేనుడు వెనక నడిచాడు.

కొర్లమ్మ గుమ్మంలో కూర్చుని వల చిక్కు తీస్తోంది. భిక్షువుల్ని చూసి గబుక్కున లేచి పైట సర్దుకుంది.

రేవత భంతే గుమ్మం బయటే నిలబడ్డారు. "తల్లీ, మేం ఆలస్యంగా వచ్చాం. వేళ దాటింది, తినడానికి లేదు. లోపలికి రావచ్చా?"

"అదేటి బాబూ, అలగడుగుతున్నారు," అంది కొర్లమ్మ. "గుమ్మంలోకొచ్చినోల్లని ఏల దాటిపోనాదని పొమ్మంతామేటి. రండి, కూకోండి."

ఆమె ఎవరినీ దెప్పలేదు. చాప కోసం అప్పటికే లోపలికి వెళ్ళింది. ఉపసేనుడు ఎడమచేతిని చీవరంలోకి లాక్కున్నాడు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

లోపల దూలానికి క్యారియర్ వేలాడుతోంది. మూతకి బిగించిన కడ్డీ బిగించినట్టే ఉంది. ఆమె దాన్ని చూసిన చూపు భంతే చూశారు.

"విప్పలేదా తల్లీ?"

"విప్పబుద్ది కానేదు బాబూ. ఆడి పేరున వొండినాను. ఆడికి అందకుండా నేనెలాగ తింతాను."

"నిన్నటి నుంచి ఏమైనా తిన్నావా?"

కొర్లమ్మ చాప అంచు సర్దింది.

భంతే, ఎల్లాజీతో పాటు వేటకి పోయేవాళ్ళు పల్లెలో ఎవరైనా ఉన్నారా అని అడిగారు. కబురు పెడితే ఇద్దరు వచ్చారు. ఆ తుఫాను రోజున ఒకడికి జ్వరమొచ్చి, ఒకడు అత్తారింటికెళ్ళి మిగిలిపోయినవాళ్ళు. ఇద్దరూ తలొంచుకుని కూర్చున్నారు. క్యారియర్ విప్పితే, పులిహోర ఒక రోజు నిలవున్నా చెడలేదు. బూరెలు గట్టిపడ్డాయి, అంతే. భంతే చెప్పినట్టు కొర్లమ్మ కొడుకు పేరున వాళ్ళకి వడ్డించింది. ఒకడు రెండో ముద్ద దగ్గర ఆగిపోయి చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె అతని విస్తట్లో ఇంకో బూరె వేసింది. చివరికి ఆమె కూడా వాళ్ళ పక్కన కూర్చుని తింది.

భిక్షువులిద్దరూ ఆ వాసనలో ఖాళీ పాత్రలతో కూర్చున్నారు. ఉపసేనుడి కడుపు పెద్దగా శబ్దం చేసింది. ఎవరూ నవ్వలేదు.

భోజనాలయ్యాక భంతే ఒక గిన్నె, ఒక చెంబు నీళ్ళు తెమ్మన్నారు. చెంబు ఆమె చేతికిచ్చి, కొడుకుని తలుచుకుంటూ గిన్నె నిండేదాకా సన్నగా పోయమన్నారు. ఆమె పోస్తుంటే పుణ్యం పంచే పాళీ మాటలు చదివారు.  గిన్నె నిండి నీళ్ళు మట్టినేల మీదకి పొర్లాయి. 

కొర్లమ్మ చెంబు కింద పెట్టింది. పెద్దాయన్ని కాదు, ఉపసేనుణ్ణి చూసింది. సమయం సంగతి తెలిసినవాడు అతనే కదా.

"బాబూ, ఆడి రోజు నిన్న. ఇయాల ఇచ్చినాం. ఆడికి సేరుద్దా?"

ఉపసేనుడు గురువు వంక చూశాడు. రేవత భంతే వాకిట్లో ఆరేసిన వలల్ని చూస్తున్నారు. సాయం చేసేలా లేరు.

 నిన్న గేటు దగ్గర తను నిలబడ్డ తీరు, చాచిన చెయ్యి, ఆమె పట్టుకున్న గేటు ఊచ, అన్నీ అతనికి కనిపించాయి. అతను లేచి ఆమె ఎదురుగా వచ్చి నేలమీద కూర్చున్నాడు.

"నిన్ననే చేరిందమ్మా," అన్నాడు. "అందనిది మాకే."

కొర్లమ్మ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆమె కళ్ళు నిండాయి. తడి చేతిని పైటకి తుడుచుకుని, అతని తల మీద పెట్టబోయి, సన్యాసి కదా అని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. 

రేవత భంతే లేచి, అన్నం మెతుకు పడని తన పాత్రని రెండు చేతులతో గుండెకి ఆనించుకున్నారు.

"భిక్ష అయింది ఉపసేనా. పద."