తెడ్డుకు పాఠం చెప్పిన అత్త

ఒక ఏటి ఒడ్డున ఒక జాలరి ఊరు ఉండేది. ఆ ఊళ్లో కొత్త అల్లుడికి ఏడాది నిండేదాకా ఎవరూ "వద్దు" అని చెప్పకూడదు. "తప్పు" అనకూడదు. "అలా కాదు" అనడం మరీ పెద్ద నేరం. ఆ ఊరివాళ్ళు మొసలికి భయపడేవాళ్ళు కారు, గాలివానకు భయపడేవాళ్ళు కారు. అల్లుడి అలక అంటే మాత్రం గజగజ వణికేవాళ్ళు.

అత్తలకు ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. అత్త అల్లుడి ఎదుటపడి మాట్లాడకూడదు. చెప్పవలసిందేమైనా ఉంటే తలుపు చాటున నిలబడి పిల్లికో, కుండకో చెప్పాలి. అల్లుడు అది విని గ్రహించుకోవాలి. గ్రహించుకోకపోతే అది కుండ చేసుకున్న ఖర్మ.

ఆ ఊళ్లో ఒక అత్త ఉంది. ఏటిని ఆమె ఎరిగినంతగా చేపలు కూడా ఎరగవు. రేవు దాటాక ఏరు మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో ఒక నల్లరాయి, రాయి కింద ఒక సుడి ఉన్నాయి. ఆ సుడి ఎంత తిన్నా తేన్చదు. అత్త తోడబుట్టినవాణ్ణి అదే తినేసింది. అప్పటినుంచీ ఏటి రంగు చూడనిదే ఆమె పొయ్యి వెలిగించదు.

ఆ అత్త తన ఒక్కగానొక్క కూతుర్ని మెట్ట ఊరి అబ్బాయికిచ్చి పెళ్ళి చేసి, అతన్ని ఇల్లరికం తెచ్చుకుంది. అతని ఊళ్లో నీళ్ళంటే బావిలో ఉండేవి, చేద వేస్తే బుద్ధిగా పైకి వచ్చేవి. మనిషి మంచివాడు. భార్యను పువ్వుల్లో పెట్టి చూసుకునేవాడు. వచ్చిన నెలరోజులకు భోజనం దగ్గర ఒక మాటన్నాడు.

"మామగారూ, రేపట్నుంచి నేను కూడా పడవేస్తాను."

మామకు పొలమారింది. నెత్తిమీద తట్టుకుంటూ, "శుభం బాబూ. అంతకంటేనా!" అన్నాడు. 

ఆ ఊళ్లో పిల్లలకు పడవ నేర్పే పద్ధతి వేరు. అయిదేళ్ళు రాగానే నడుముకు ఎండు ఆనపకాయ బుర్రలు కట్టి నీళ్ళలోకి తోసేస్తారు. ఈత వచ్చాక పడవెక్కించి, ఒడ్డు దగ్గరే కావాలని పడవను తిరగేస్తారు. తిరగబడ్డ పడవను వదలకుండా పట్టుకోవడం, ఈదుకుంటూ దాన్ని మళ్ళీ వెల్లకిలా తిప్పడం, తిప్పి ఎక్కడం, ఎక్కి చిప్పతో నీళ్ళు తోడెయ్యడం నేర్పుతారు. ఇవన్నీ కళ్ళు మూసుకుని చేయగలిగితే గానీ ఎవరి చేతికీ తెడ్డు ఇవ్వరు. మరి అల్లుడు పిల్లవాడు కాదే!

పెద్దలు కూర్చుని ఆలోచించారు. అల్లుడుగారి నడుముకు ఆనపబుర్రలు కట్టడమా? ఎంత అప్రదిష్ట! కట్టకపోతే ప్రాణానికి ముప్పు. చివరికి తెలివైన దారి దొరికింది. ఆనపకాయను ముక్కలు కోసి, పులుసు పెట్టి, అల్లుడుగారికి వడ్డించారు. ఏదో ఒక విధంగా మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది కదా అని వాళ్ళ ధీమా.

పడవ అడుగున తడి, చేపల నీచు. అల్లుడుగారు అక్కడ కూర్చోవడమేమిటని ఊరిపెద్ద తన ఇంట్లోని చేతుల కుర్చీని మోయించుకొచ్చి పడవ మధ్యలో వేయించాడు. కుర్చీ ఎక్కగానే పడవ అటూ ఇటూ ఊగింది. అల్లుడు ముచ్చటపడి, "ఊయలలాగా భలేగా ఉందండీ" అన్నాడు.

అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారని సామెత. ఇక్కడ అత్తే తన కోపం చూపించడానికి దేన్నో ఒకదాన్ని వెతుక్కోవలసి వచ్చింది. గోడకు ఆనించి ఉన్న తెడ్డును పట్టుకుంది.

"ఏమే తెడ్డూ! పడవలో కుర్చీ ఏత్తారటే ఎక్కడైనా? మనిషి అడుగున కూకోవాలే. ఎంత కిందికుంటే అంత బతుకు. నిలబడ్డావో, నీ పని సరి. ఇంటున్నావా?"

తెడ్డు వింది. అరుగు మీద కూర్చున్న అల్లుడు కూడా విన్నాడు. వెళ్ళి భార్యతో జాలిగా అన్నాడు. "మీ అమ్మగారు తెడ్డుతో మాట్లాడుతున్నారు. పెద్దవారు కదా. మా ఊళ్లో మంచి వైద్యుడున్నాడు, పిలిపించనా?"

భార్య ముఖం కొంగులో దాచుకుంది. నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు.

మూడు రోజులు అల్లుడు ఒడ్డు దగ్గరి నిలకడ నీళ్ళలో పడవ వేశాడు. తెడ్డు ఒకవైపే వేస్తే పడవ గుండ్రంగా తిరుగుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు. పడవ ఉన్నచోటే గిరగిరా తిరిగింది. ఒడ్డున జనం చప్పట్లు కొట్టారు. "ఆహా! గంగమ్మకు ప్రదక్షిణం చేత్తన్నారు అల్లుడుగారు! ఎంత బక్తి!" అన్నారు. చప్పట్లు ఎవరికి చేదు? పడవ విద్యలో ఇక తనకు తెలియనిది లేదని అతను నమ్మేశాడు.

నాలుగోరోజు పొద్దున్నే ఏరు ఎర్రబడింది. పైన ఎక్కడో వానలు దంచాయి. నురగ, చెత్త, వేళ్ళతో సహా ఒక కొబ్బరిచెట్టు కొట్టుకొచ్చాయి. జాలర్లు పడవల్ని ఒడ్డుమీదికి ఈడ్చి బోర్లించేశారు. అల్లుడు మాత్రం ఉతికిన పంచె కట్టుకుని బయల్దేరాడు.

"కొత్తనీటికి చేపలు బాగా పడతాయటగా!" అన్నాడు.

ఊరంతా నీళ్ళు నమిలింది. మామ తెడ్డును ఇంటికప్పులో దోపి దాచిపెట్టాడు గానీ, "తెడ్డేది మామగారూ?" అని అల్లుడు అడగ్గానే చేతులు వాటంతట అవే తీసి ఇచ్చేశాయి. అత్త గుమ్మం దగ్గర తెడ్డు కొసను పట్టుకుంది.

"ఎల్లకే తెడ్డూ. నీకు దణ్ణం పెడతానే. ఇయ్యాల ఏరు మనిసిని అడుగుతంది, ఎల్లకే."

అన్నాళ్ళూ ఓపిగ్గా పాఠాలు విన్న తెడ్డు ఆవేళ నోరు విప్పింది.

"నేనెక్కడికి వెళ్తానమ్మా? నన్ను తీసుకెళ్తున్నాడు. ఆ ముక్కేదో అతనికే చెప్పరాదా?"

అత్త ఉలిక్కిపడి చెయ్యి వదిలేసింది. అల్లుడు వెళ్ళిపోయాడు.

పడవ రేవు వదిలిందో లేదో ఏరు దాన్ని లాక్కుంది. ఒకసారి గిర్రున తిప్పింది. అల్లుడికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఒడ్డు ఎటుందో చూద్దామని కుర్చీ మీద లేచి నిలబడ్డాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు ఉంది వ్యవహారం.

ఒడ్డున ఊరిపెద్ద గొంతు సవరించుకున్నాడు. చేతులు జోడించి కేక పెట్టాడు. "అయ్యా! మహారాజశ్రీ అల్లుడుగారి సముఖానికి, ఈ ఊరి పెద్దలందరూ వినయంతో చేసుకునే మనవి ఏమిటంటే..."

అప్పటికే పడవ రేవు దాటేసింది.

"...తమరు కోపగించుకోకుండా ఆలకిస్తామంటే, మాకు తోచిన ఒక చిన్న సంగతి..."

పడవ మలుపు దగ్గరికి వచ్చింది. నల్లరాయి కనిపిస్తోంది. అసలు సంగతి ఇంకా మొదలుకాలేదు. అత్త కూతురి ముఖం చూసింది. ఆ పిల్ల మెడలో పసుపుతాడు రంగైనా తగ్గలేదు. అత్తకు ఒళ్ళు మండింది. నెత్తిమీది ముసుగు లాగిపారేసి, ఒడ్డు వెంట పరుగెత్తి, నడుములోతు నీళ్ళలోకి దిగింది.

"ఒరేయ్ సన్నాసీ! కూకోరా!"

ఊరు ఊరంతా చెవులు మూసుకుంది. అల్లుడు చటుక్కున కూర్చున్నాడు.

"కుర్చీలో కాదురా ఎదవా! కుర్చీ అవతల పారెయ్! అడుగున కూకో! ఏటికి ఎదురుగా ఎయ్యమాక, అడ్డంగా ఎయ్యి! ఇటేపు! తిరగబడితే పడవొదలమాక! ఈదుదామనుకున్నావో, నీ కాళ్ళిరగ్గొడతా!"

అల్లుడికి ఆలోచించే తీరిక లేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు చేశాడు. కుర్చీ ఒక్కటే నల్లరాయి దాకా వెళ్ళింది. సుడి దాన్ని మర్యాదగా లోపలికి పిలుచుకుపోయింది. పడవ సుడి అంచున తిరగబడింది కానీ అతను వదల్లేదు. పడవతోపాటే కొట్టుకుపోయి, దిగువనున్న ఇసుక తిన్నె మీద పంచె లేకుండా తేలాడు. అత్తకు ప్రాణం లేచివచ్చింది. అక్కడే నీళ్ళలో చతికిలబడి భోరున ఏడ్చింది.

సాయంత్రం పెద్దలు కూడారు. అత్త అల్లుణ్ణి "ఒరేయ్" అంది. "ఎదవా" అంది. కాళ్ళు విరగ్గొడతానంది. కట్టుబాటు ప్రకారం అల్లుడు అలిగి వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోతే కూతురి కాపురం ఏమైపోతుందోనని అత్త మళ్ళీ తలుపు చాటున బిక్కుబిక్కుమంటూ నిలబడింది.

అరువు పంచెలో వణుకుతున్న అల్లుణ్ణి ఊరిపెద్ద అడిగాడు. "బాబుగారూ, తమకు జరిగిన అవమానానికి..."

"చివర్న అత్తగారు ఇంకేదో అన్నారండీ. చెవుల్లోకి నీళ్ళు పోయి నాకు వినబడలేదు. ఆ రెండు ముక్కలు కూడా చెప్పమనండి" అన్నాడు అల్లుడు.

మర్నాడు పొద్దున అతను నడుముకు ఆనపబుర్రలు కట్టుకుని, అయిదేళ్ళ పిల్లల వరసలో చివర నిలబడ్డాడు. అత్త తిడుతూనే ఉంది, అతను మునుగుతూనే ఉన్నాడు. ఏడాది తిరిగేసరికి ఏటికి అడ్డంగా పడవ వేసి వచ్చేవాడు. ఎర్రనీళ్ళ రోజున మాత్రం ఇల్లు కదిలేవాడు కాదు.

పెద్దలు దీని గురించి చాలా ఆలోచించారు. ఆ తిట్టులో ఏదో మహత్తు ఉంది, నిండు ప్రాణాన్ని నిలబెట్టింది అనుకున్నారు. అలాంటిదాన్ని ఊరికే పోనివ్వకూడదని దానికి రాగం కట్టించారు. డప్పు, తాళాలు పెట్టారు. "ఒరేయ్" అన్నది మరీ మొరటుగా ఉందని, "ఓ సన్నాసిగారూ" అని మార్చారు. కొత్త అల్లుడు ఊళ్లోకి రాగానే ముత్తయిదువలు హారతి పట్టి ఆ పాట పాడాలని తీర్మానించారు.

మరుసటి ఏడు ఇంకో ఇంటికి ఇంకో మెట్ట ఊరి అల్లుడు వచ్చాడు. ఏరు ఎర్రగా ఉంది. అతను పడవెక్కి సుఖంగా కూర్చున్నాడు. ఒడ్డున డప్పు మోగింది. "ఓ సన్నాసిగారూ, కూకోండి" అంటూ ఊరంతా పాడింది. కొత్త అల్లుడు తలాడిస్తూ, తొడమీద తాళం వేస్తూ విన్నాడు.

"పాట చాలా బాగుందండీ. మా ఊళ్లో ఇలాంటివి లేవు. నేను బయల్దేరుతుంటే ఇంకొక్కసారి పాడండి" అని తెడ్డు అందుకున్నాడు.

జనం ఉత్సాహంగా మళ్ళీ ఎత్తుకున్నారు. ఆనాడు తిట్టి అల్లుణ్ణి బతికించుకున్న అత్త జనాన్ని తోసుకుంటూ నీళ్ళలోకి దిగింది. పడవ అంచు పట్టుకుని వంగి, కొత్త అల్లుడి చెవిలో ఏదో అంది. చాలా చిన్న మాట. డప్పుల హోరులో ఎవరికీ వినబడలేదు.

కొత్త అల్లుడు తాళం ఆపేశాడు. ఒకసారి ఏటివైపు, ఒకసారి ఆమెవైపు చూశాడు. తెడ్డు కింద పెట్టి, పడవ దిగి, ఒడ్డుకు వచ్చేశాడు.

ఆ మాటేదో చెబితే దాన్ని కూడా పాటలో చేర్చుకుంటామని పెద్దలు ఇప్పటికీ ఆమె ఇంటి చుట్టూ తిరుగుతున్నారు. అత్త చెప్పడం లేదు.