ముళ్లు విదిల్చుకునే చోటు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో సెలయేటి పక్కన, ఇప్పచెట్టు కింద, ఒక బొరియ. అది నూకాలు అనే ముళ్లపంది ఇల్లు. తనే తవ్వుకుంది. గుమ్మం దగ్గర ఏ రాయి ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలదు.

ఒక ఏడాది వానలు ముంచెత్తాయి. సెలయేరు పొంగి బొరియ నిండా బురద చేరింది. నూకాలు తడిసి ముద్దయి, వణుకుతూ చెట్టు కింద నిలబడింది. కాస్త ఎగువన రాళ్లగుట్టలో కాపురముండే కుందేలు రత్తాలు అది చూసి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో వదినా, ఇంకా నిలబడి చూస్తావేంటి? మా ఇంటికి పద. మేం తిన్నదే నువ్వూ తిందువుగాని," అంది.

నూకాలు వెళ్లింది. రత్తాలు మంచిది. దాని మొగుడూ మంచివాడే. ఇక పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. పొద్దస్తమానం "అత్తా, అత్తా" అంటూ మీద పడి దొర్లేవి.

అక్కడే వచ్చింది చిక్కు. ముళ్లపంది ముళ్లు ఎంత వాడిగా ఉంటాయో మీకు తెలుసు. కుందేలు పిల్లల ఒళ్లు ఎంత మెత్తగా ఉంటుందో కూడా తెలుసు. ఎక్కడ గుచ్చుకుంటాయోనని నూకాలు తన ముళ్లన్నీ ఒంటికి అదిమిపెట్టుకుని ఉండేది. తినేటప్పుడూ అంతే, పడుకునేటప్పుడూ అంతే. ఒక పూటా రెండు పూటలా? వానలు పోయి, చలి పోయి, ఎండలు వచ్చేదాకా అలాగే ఉంది. వీపు లాగేసేది. అయినా నోరు విప్పి చెప్పలేదు. పాపం, దానికి మొహమాటం ఎక్కువ.

ఎండలకు బొరియ ఆరింది. నూకాలు రోజూ కాసేపు వెళ్లి మట్టి తోడిపోసింది. మళ్లీ నీళ్లు రాకుండా గుమ్మం ఎత్తు చేసింది. లోపల ఎండుటాకులు పరిచింది. ఒక సాయంత్రం, "ఇక మా ఇంటికి వెళ్తాను వదినా," అంది.

రత్తాలు చెవులు వాలిపోయాయి. "మా వల్ల ఏం లోటు జరిగింది?"

"ఏ లోటూ జరగలేదు."

"మరి ఒక్కదానివే అక్కడ ఏం చేస్తావు?"

"ఇల్లు పాడుబడిపోతుంది కదా," అని ఊరుకుంది నూకాలు. అది అబద్ధం కాదు. అసలు సంగతీ కాదు.

బొరియలో అడుగు పెట్టగానే అది మొదట చేసిన పని ఏమిటో చెప్పనా? ఒళ్లంతా ఒక్కసారి విదిల్చింది. గలగలగల! ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. "అమ్మయ్య!" అంది. వినేవాళ్లెవరూ లేరని ఇంకాస్త గట్టిగా ఇంకోసారి అంది. తర్వాత ఒక దుంప తవ్వి తెచ్చి, సగం తిని, మిగతా సగం గుమ్మం దగ్గరే వదిలేసింది. ఎందుకు తినలేదని అడిగేవాళ్లు లేరు. తెల్లవారింది. ముళ్లపందులు పడుకునే వేళ అదే కదా! బొరియకు అడ్డంగా, కాళ్లు బారజాపుకుని పడుకుంది. అంత హాయైన నిద్ర దానికి పట్టి ఎన్నాళ్లయిందో!

కానీ అడవి ఊరుకుంటుందా? "పాపం, నూకాలు ఒక్కతే ఉంటోందట" అన్న మాట చెట్టు నుంచి చెట్టుకు పాకింది.

మొదట ఉడుత వచ్చింది. "అక్కా, ఒక్కదానివే పడుకుంటే భయమేయదూ? నేను తోడు పడుకుంటాను," అంది.

నూకాలు మనసులో "వద్దు" అనుకుంది. నోటితో "సరేలే, రా," అంది. ముళ్లు ఒంటికి అదిమిపెట్టుకుంది. ఉడుతకు పగటిపూట నిద్ర ఎలా వస్తుంది? పొద్దుగూకేదాకా తన చుట్టాలందరి కబుర్లూ చెబుతూనే ఉంది. నూకాలు కళ్లు మూతపడలేదు.

మర్నాడు ముంగిస అవ్వ వచ్చింది. "అమ్మాయ్, ఇల్లు బావురుమంటోందే! ఇవాళ నేనుంటాలే తోడు," అంది.

"సరే అవ్వా," అంది నూకాలు. మళ్లీ ముళ్లు అదిమిపెట్టుకుంది. అవ్వ వచ్చీ రాగానే ఈ మూల ఆకులు ఆ మూలకు సర్దింది. సగం తిన్న దుంపను చూసి మూతి తిప్పుకుని బయట పారేసింది. ఇదంతా అయ్యాక పడుకుని గుర్రు పెట్టింది. నూకాలు ఒక మూల ముడుచుకుని ఆ గుర్రు వింటూ ఉండిపోయింది.

మూడోనాడు రత్తాలే వచ్చింది, పిల్లలందరినీ వెంటేసుకుని.

"వదినా, నీ మీద బెంగతో నాకు ముద్ద దిగడం లేదు. నిన్నిలా ఒక్కదాన్ని వదిలేస్తామా? ఇక మేమూ ఇక్కడే ఉంటాం!" అంది. పిల్లలు కేరింతలు కొట్టాయి.

నూకాలు ఎంతో కష్టపడి బాగుచేసుకున్న ఇల్లు అప్పుడే చేజారిపోతోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేదు. నోరు తెరిచింది. ఏమన్నదనుకున్నారు?

"సరే వదినా," అంది! నాకైతే వెళ్లి దాని నెత్తిన ఒక మొట్టికాయ వేయాలనిపిస్తుంది.

మధ్యాహ్నానికి బొరియ నిండా కుందేళ్లు. నూకాలుకు కాలు పెట్టే చోటు కూడా మిగల్లేదు. చప్పుడు చేయకుండా బయటికి వచ్చింది. సన్నగా తుంపర పడుతోంది. ఇప్పచెట్టు కింద కూర్చుని అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. మెల్లగా ముళ్లు విప్పుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా ఇంట్లో నాకే చోటు లేకుండా పోయింది," అనుకుని ఏడ్చింది.

అత్త కనిపించక వెతుక్కుంటూ కుందేలు చిన్నపిల్ల బయటికి వచ్చింది. నూకాలును చూసి నోరు వెళ్లబెట్టింది. "అత్తా! నీ ముళ్లు ఇంత పొడుగా! ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు?"

ఆ కేకకు రత్తాలు కూడా వచ్చింది. అలాగే నిలబడిపోయింది. అన్ని నెలలు ఒకే చూరు కింద ఉన్నారు. ఒకే ఆకులో తిన్నారు. నూకాలు ముళ్లు విప్పుకోగా అది ఒక్కసారి కూడా చూడలేదు.

"వదినా, మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఇవి ముడుచుకునే ఉన్నావా?"

"పిల్లలకు గుచ్చుకుంటాయని..."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నొచ్చుకుంటావని."

"ఇప్పుడు నొచ్చుకుంటున్నాను, చెప్పనందుకు," అంది రత్తాలు.

నూకాలు కళ్లు తుడుచుకుంది. ఈసారి మనసులో మాటే నోటితో అంది. "వదినా, నువ్వు ఆ వేళ ఆదుకోకపోతే నేనేమైపోయేదాన్నో! మీరంటే నాకు ప్రాణం. కానీ నాకు ఒక్కదాన్నే ఉండటం ఇష్టం. ఒక్కదాన్నే తిని, ఒక్కదాన్నే పడుకుంటే హాయిగా ఉంటుంది. మీరు చూడ్డానికి రండి, తిని వెళ్లండి. తోడు మాత్రం పడుకోవద్దు."

రత్తాలు చిన్నపిల్లను దగ్గరకు తీసుకుంది. ఆ తర్వాత చిన్నగా అడిగింది. "మరి నీకేమైనా అయితే మాకెలా తెలుస్తుంది?"

అదీ దాని భయం! నూకాలు ఆలోచించింది. "సాయంత్రం నిద్ర లేవగానే ముళ్లు విదిలిస్తాను. గుట్ట దాకా వినిపిస్తుంది. వినబడిందంటే నేను బాగున్నట్టు. వినబడకపోతే పరుగెత్తుకురా."

"సరే. నేను కాలితో నేలను తడతాను. విన్నానని నీకు తెలుస్తుంది," అంది రత్తాలు. పిల్లల్ని లేపుకుని గుట్టకు వెళ్లిపోయింది.

అప్పటి నుంచి రోజూ పొద్దువాలే వేళకు ఇప్పచెట్టు కింద గలగల, గుట్ట మీద దబదబ. ఆ రెండు చప్పుళ్లూ అయ్యాకే రత్తాలుకు ముద్ద దిగేది.

కొన్నాళ్లకు ఒక ఉదయం రత్తాలు ఒక్కతే వచ్చింది. చెవులు వేలాడిపోతున్నాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"వదినా, పిల్లల్ని వాళ్ల నాన్నకు అప్పజెప్పి వచ్చాను. కాసేపు ఇక్కడ పడుకోనా? నన్ను మాత్రం మాట్లాడించకు."

నూకాలు నవ్వింది. తోడుంటానని అనలేదు. ఎండుటాకులు దులిపి వేసి, తను బయటికి వచ్చి చెట్టునీడలో పడుకుంది.

సాయంత్రం లేచి బొరియలోకి తొంగిచూసింది. రత్తాలు ఇంకా నిద్రపోతోంది. బొరియకు అడ్డంగా, కాళ్లు బారజాపుకుని, చెవులు చెరో వైపు పరుచుకుని. ఆ రోజు నూకాలు సెలయేటి వెంట చాలా దూరం వెళ్లి, అక్కడ ముళ్లు విదిల్చుకుంది.

నీతి: మనవాళ్లకు మన తోడు ఎంత కావాలో వాళ్లనే అడగాలి. మనకు ఎంత కావాలో మొహమాటపడకుండా చెప్పాలి.